గేజ్ మీద బొట్టు

నాది పుట్టు పిరికితనం. గ్యాస్ కట్టేశానా లేదా అన్న అనుమానంతో ఉప్పల్ రింగ్ రోడ్డు దాకా వచ్చి మళ్లీ పీర్జాదిగూడలో ఇంటికి వెళ్లిన రోజులున్నాయి. అలాంటి నన్ను నాచారంలో ఒక చిన్న వర్క్‌షాపువాళ్లు ఇన్‌స్పెక్టర్‌గా పెట్టుకున్నారు. భయపడేవాళ్లే బాగా చూస్తారని మా ఓనరుగారి నమ్మకం.

మేం చేసిన వాటిలో వేలెడంత పిన్ను ఒకటుంది. నేవీ విమానం పొట్ట కింద టార్పెడోను పట్టి ఉంచే కొక్కెంలో అది కూర్చుంటుంది. దాన్ని గేజ్ అనే కొలత పరికరంలో పెట్టి చూడడం నా పని. గేజ్‌కి రెండు సందులు. మొదటిదాంట్లో పిన్ను దూరాలి, రెండోదాంట్లో దూరకూడదు. దూరితే సన్నమన్నమాట, పక్కన పడేయాలి.

ఆ దసరాకి మెషీన్లతో పాటు గేజ్‌లకూ పూజ చేశాం. మా ఫోర్‌మన్ ఒక్కోదానికీ పసుపు రాసి, తడి కుంకుమతో బొట్టు పెట్టాడు. సెలవయ్యాక పనిలోకొచ్చి, పూజ బొట్టు అప్పుడే తుడవకూడదని అలాగే ఉంచి, ఒక పెట్టెడు పిన్నులు పాస్ చేశాను. తర్వాత ఆ ఆర్డరు మళ్లీ రాలేదు. గేజ్ డబ్బాలోకి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు యుద్ధం మొదలైంది. టీవీలో ఆ విమానాలు సముద్రం మీదికి లేస్తుంటే మా షాపంతా చప్పట్లు. నేనూ కొట్టాను. ఆ పిన్నులు మళ్లీ కావాలన్నారు. గేజ్ తీసి రెండో సందు తుడిచాను. గుడ్డ ఎర్రబడింది.

సందులో కుంకుమ గట్టిపడి ఉంటే సన్న పిన్ను కూడా దూరదు. మంచిదే అనుకుని పంపేసి ఉంటాను. కొక్కెం వదులైతే టార్పెడో ఓ పక్కకు వేలాడుతుంది, విమానం ఒరిగిపోతుంది. అందులో మనుషులుంటారు.

గుడ్డ పట్టుకెళ్లి ఫోర్‌మన్‌కి చెప్పాను. ఆయన గుడ్డ వంకే చూశాడు.

"బొట్టు వెట్టింది నేనే గద చెల్లె. నువ్వొక్కదానివే ఎందుకు భయపడుతవ్? పా, ఇద్దరం పోయి సార్‌కు జెప్దాం."

ఓనరుగారు తిట్టలేదు, వెంటనే నేవీవాళ్లకు ఫోన్ చేశారు. మా పిన్నులు వేసిన విమానాల్లో ఒక్కటి తప్ప అన్నీ నేల మీదే ఉన్నాయి. ఆ ఒక్కటీ టార్పెడోతో సముద్రం మీద ఉంది. దాన్ని వెనక్కి పిలిచారట. అది దిగేదాకా ఇక ఎవరూ చేయగలిగింది లేదు.

ఫోర్‌మన్ అన్నం డబ్బా తెరవలేదు. నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. మొక్కుతూనే, ఈ మొక్కులే కదా ఇంత పని చేశాయని నా మీద నాకే ఒళ్లు మండింది. నాలుగింటికి ఫోన్ మోగింది.

"దిగిందట," అన్నారు ఓనరుగారు. ఫోర్‌మన్ ముఖం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

వారం తర్వాత పిన్నులన్నీ వెనక్కి వచ్చాయి. ఆ విమానంలోది విడిగా, చిన్న కవర్లో ఉంది. గేజ్‌ను రెండుసార్లు తుడిచి దాన్ని పెట్టాను. మొదటి సందులో దూరింది. రెండో సందులోంచి కూడా జారి నా చెప్పు మీద పడింది.