రాజు గారి ఉపవాసాలు

కొవ్వూరు వైపు నుంచి రోడ్డు-రైలు వంతెన ఎక్కగానే కారు చక్రాల కింద అతుకులు టకటకమని మొదలవుతాయి. అదే సమయానికి కింద రైలు కూడా వస్తే వంతెన సన్నగా వణుకుతుంది. ఆ వణుకు స్టీరింగులోంచి మోచేతుల దాకా పాకుతుంది. మొన్న ఒక పెళ్ళికి రాజమండ్రి వెళుతుంటే అలాగే పాకింది. పక్క సీటు ఖాళీగా ఉంది. అయినా నా చెయ్యి దానంతటదే ఆ వైపు అద్దం దించేసింది. తడి ఇసుక, ఇనుము కలిసిన వాసన లోపలికి వచ్చింది. ఏసీ నడుస్తుండగా అద్దం దించితే మా ఆవిడ ఊరుకోదు. అదృష్టవశాత్తూ ఆవిడ ముందు రోజే బస్సులో వెళ్ళిపోయింది. కాబట్టి వంతెన దాటేదాకా నేనూ, ఆ వాసనా, సూర్యనారాయణ రాజు గారూ ముగ్గురం ప్రశాంతంగా ప్రయాణం చేశాం. ఆయన పోయి నాలుగేళ్ళయింది.

భీమవరంలో "రాజు గారూ" అని పిలిస్తే వీధిలో సగం మంది వెనక్కి తిరుగుతారు. మిగతా సగం మంది తమ బంధువుల్లో ఎవరినో పిలిచారనుకుని ఆగుతారు. మా రాజు గారు రొయ్యల మేత అమ్మే కంపెనీలో ఏరియా మేనేజరు. నేను జువాలజీలో డిగ్రీ చదివి, రొయ్యకు ఎన్ని కాళ్ళుంటాయో తప్ప రొయ్య గురించి మరేమీ తెలియని స్థితిలో ఆయన కింద ఉద్యోగంలో చేరాను. ఆయన నాకు పాఠాలేమీ చెప్పలేదు. బండి వెనక కూర్చోబెట్టుకుని చెరువుల చుట్టూ తిప్పారు, అంతే.

చేరిన కొత్తలోనే ఆకివీడు దగ్గర ఒక రైతు చెరువుకు తెల్లమచ్చ తెగులు తగిలి రొయ్యంతా పోయింది. అక్కడికి వెళ్ళి ఏం చెప్పాలో నేను దారి పొడవునా కూడబలుక్కున్నాను. రాజు గారు గట్టు మీద రైతు పక్కన చతికిలబడి కూర్చున్నారు. ఎంతసేపటికీ ఇద్దరూ మాట్లాడరు. చెరువు నీళ్ళు చిలికే ఏరేటర్లు ఆగిపోయి ఉంటే వాటి మీద కొంగలు వాలుతున్నాయి. ఉండబట్టలేక నేను నీటి పరీక్షల గురించి ఏదో మొదలుపెట్టాను. రాజు గారు నా వైపు చూడకుండానే, "ప్రసాదూ, బండి ఎండలో ఉంది, నీడన పెట్టిరావయ్యా" అన్నారు. కనుచూపు మేరలో నీడ లేదు. లేని నీడను వెతుక్కుంటూ బండి తోసుకుని చాలా దూరం వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆ రైతు ఆయన భుజం మీద తల పెట్టి ఏడుస్తున్నాడు.

"ఏం చెప్పారండీ ఆయనకి?" అని దారిలో అడిగాను.

"ఏం చెప్తామయ్యా? ఆయనకి తెలీనిది మన దగ్గరేముంది?" అన్నారు.

కొన్నేళ్ళకు ఆయన కిడ్నీలు పని మానేశాయి. "నాకంటే ముందు అవి రిటైరైపోయాయయ్యా" అన్నారు. వారానికి మూడుసార్లు డయాలసిస్. సూదులు గుచ్చే ఎడమ చేతిలో నరం ఉబ్బి తాడులా పైకి లేచింది. అది కనబడకుండా ఆయన ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసి మణికట్టు దగ్గర బొత్తాం పెట్టుకునేవారు. సంగతి తెలిసినవాళ్ళం ఆయన భార్య, డాక్టరు, ఆయన్ని ఆసుపత్రికి కారులో తీసుకెళ్ళే నేను. ఆఫీసులో షుగరని చెప్పారు. మా వైపు షుగరు జబ్బు కింద లెక్క కాదు, అదొక పెద్దరికం. ఎవరూ మళ్ళీ అడగలేదు.

"మీ అక్కగారికైనా చెప్పాలి కదండీ" అన్నాను ఒకసారి. ఆయనకు ఒక్కతే అక్క, సుభద్రమ్మ గారు. ద్రాక్షారామం దగ్గర పల్లెలో ఉంటారు. తల్లి చిన్నప్పుడే పోతే ఈయన్ని పెంచింది ఆవిడే.

"చెప్తే ఏమవుద్దో తెలుసా? తన కిడ్నీ కోసి నాకు పెట్టమంటుంది. డెబ్భై ఏళ్ళ మనిషి, బీపీ ఉంది, షుగరుంది. డాక్టర్లు తీసుకోరు. ఇంక నేను పోయాక బతికినన్నాళ్ళూ తన ఒంటిని తనే తిట్టుకుంటూ కూర్చుంటుంది. వద్దయ్యా. ఒక్కసారి వెళ్ళి చూసొస్తాను. తమ్ముడొచ్చాడు, వెళ్ళాడు, అన్నట్టుండాలి. అంతకు మించి ఆవిడకేం తెలియకూడదు."

ఊరికే అక్క దగ్గరకి వెళితే ఆవిడకు అనుమానం వస్తుందట. అందుకని రాజమండ్రి చూడటానికి వచ్చి, పనిలో పనిగా వచ్చినట్టు వెళ్ళాలి. "అరవై ఏళ్ళుగా గోదావరి నీళ్ళు తాగుతున్నాను గానీ, గోదావరిని నిలబడి చూసింది లేదు" అన్నారు. అది మాత్రం నెపం కాదని తర్వాత అర్థమైంది. రెండు డయాలసిస్‌ల మధ్య ఒక ఆదివారం తెల్లవారుతుండగా బయలుదేరాం. వంతెన ఎక్కగానే గోదావరి వాసన రావాలని తన వైపు అద్దం దించమన్నారు. ఆయన చేతిలో చిన్న నీళ్ళ సీసా ఉంది. ఆ రోజంతటికీ ఆయనకు అనుమతి ఉన్న నీళ్ళు అవే.

పుష్కర ఘాట్ మెట్ల మీద ఆయన చాలాసేపు నిలబడ్డారు. జనం మునుగుతున్నారు, చెంబులతో నెత్తిన పోసుకుంటున్నారు, పిల్లలు పుక్కిలించి ఉమ్ముతున్నారు. ఎదురుగా కంటికి ఆనినంత మేరా నీళ్ళు. ఆయన సీసా మూత తీసి, పెదాలు తడిపి, మళ్ళీ బిగించారు. "చూడ్డానికి మాత్రం కొలత పెట్టలేదయ్యా డాక్టరు" అన్నారు. నవ్వాలో వద్దో తెలియక నేను మెట్లు చూశాను.

అక్కడి నుంచి ధవళేశ్వరం వెళ్ళాం. బ్యారేజీకి పైన నిండు నది. కింద మార్చి ఎండకు ఇసుక తిన్నెలు, వాటి మధ్య సన్నని నీటి పాయ. ఆయన రెండు వైపులా మార్చి మార్చి చూశారు. "పాపం, దీనికీ నీళ్ళు కట్టడి చేశారు" అన్నారు. ఆ తర్వాత తలుపుల వైపు చెయ్యి చూపించి, "ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చూసుకోడానికి ఇక్కడ మనిషున్నాడు. నా లోపలి మనిషి చెప్పాపెట్టకుండా మానేశాడయ్యా" అన్నారు.

గోదావరి జిల్లాల్లో ఊళ్ళు చూడాలనుకునేవాడు ముందుగా తన చుట్టాలూ స్నేహితులూ ఎవరూ ఆ దారిలో లేకుండా చూసుకోవాలి. మేం చూసుకోలేదు. ధవళేశ్వరం వెళ్ళకముందే, ఘాట్ దగ్గరే, మా మేత అమ్మే రాజమండ్రి డీలరు ఒకాయన మమ్మల్ని పట్టేసి ఇంటికి లాక్కుపోయాడు. పెసరట్టు ఉప్మా, దాని మీద నెయ్యి, ఆ వెనక రోజ్ మిల్క్. రాజు గారికి ఉప్పు వద్దు, పాలు వద్దు, నీళ్ళు అసలే వద్దు. వద్దని మా వైపు చెప్పకూడదు. చెబితే ఇంటివాళ్ళకు అవమానం.

"ఇవాళ ఉపవాసమండీ" అన్నారు రాజు గారు.

"ఆదివారం పూట ఉపవాసమేంటండీ బాబూ! ఏ దేవుడికి?" అంది డీలరు భార్య.

"సూర్యభగవానుడికండీ. ఆయన పేరు పెట్టుకున్నాక తప్పుద్దా? ఇదిగో, మా ప్రసాదుకి పెట్టండి. నా వాటా కూడా వీడే తింటాడు."

తిన్నాను. కడియంలో ఒక నర్సరీ యజమాని, ఆయన పాత స్నేహితుడు, పూలకుండీల మధ్య కుర్చీలు వేసి కొబ్బరి బొండాలు కొట్టించాడు. డయాలసిస్ మీద ఉన్న మనిషికి బొండం నీళ్ళు విషంతో సమానం, గుండె ఆగిపోవచ్చు. "రాజమండ్రిలో కడుపు పగిలేలా పెట్టేశారండీ, చుక్క కూడా పట్టదు" అన్నారు రాజు గారు. రాజమండ్రిలో భక్తుడు కడియం వచ్చేసరికి తిండిపోతయ్యాడు. ఆ బొండాలు కూడా నేనే తాగాను. కారెక్కాక, "నువ్వు నాకు చాలా సేవ చేస్తున్నావయ్యా" అన్నారు. జవాబు చెప్పడానికి నాకు ఊపిరి ఆడలేదు.

సుభద్రమ్మ గారి వాకిట్లోకి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. ఇంటి నిండా పనసపొట్టు కూరకు ఆవ పెట్టిన ఘాటు. ఆవిడ సన్నగా, నిటారుగా ఉన్నారు. ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చి, "ఒరే సూరీ, చిక్కిపోయావేంట్రా? ముందు కాళ్ళు కడుక్కో. ఉండు, నే పోస్తాను" అన్నారు.

ఆయన అరుగు మీద కూర్చుని చెప్పులు విడిచారు. పాదాలు వాచి ఉన్నాయి. చెప్పుల పట్టీలు దిగినచోట లోతుగా గాట్లు. ఆవిడ నీళ్ళు పోస్తూ పోస్తూ వంగి, మట్టి తుడుస్తున్నట్టుగా చీలమండ మీద బొటనవేలితో నొక్కారు. వేలు తీసినా ఆ గుంట అలాగే ఉండిపోయింది. ఆవిడ దాని వైపే చూశారు. ఆవిడ భర్త కూడా కిడ్నీలు పాడై, చివరి రోజుల్లో అలాగే కాళ్ళు వాచి చనిపోయారని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం చెంబు ఖాళీ అయ్యేదాకా ఆవిడ నీళ్ళు ఆ ఒక్క కాలి మీదే పోయడం ఒకటే తెలిసింది.

పాలేరు చెట్టు నుంచి దింపిన బొండాలు పట్టుకుని, కత్తితో వచ్చాడు. "తీసుకుపోరా, ముదిరిపోయాయి అవి" అన్నారు ఆవిడ. అవి లేత బొండాలని దూరం నుంచి నాకే తెలుస్తోంది. తర్వాత ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏమనుకోకురా సూరీ. పొద్దున్నుంచీ నడుం పట్టేసింది. ఇవాళ పొయ్యి వెలిగించలేదు."

లోపల కుక్కరు విజిల్ వేసింది. ముగ్గురిలో ఎవరికీ వినపడలేదు.

"పర్లేదక్కా. మేం రాజమండ్రిలో తినేసొచ్చాం" అన్నారు రాజు గారు.

"మంచి పని చేశారు" అని ఆవిడ వచ్చి ఆయన పక్కన అరుగు మీద కూర్చున్నారు. ఎదురింటి గేదె ఈనిన సంగతి చెప్పారు. కాలవ కట్టేసే రోజులు దగ్గర పడ్డాయన్నారు. చెబుతూనే ఆయన ఎడమ చేతిని ఒళ్ళోకి తీసుకుని, చొక్కా పైనుంచి నిమురుతూ ఉండిపోయారు. ఆ నరంలో రక్తం సుడి తిరుగుతున్నట్టు కొట్టుకుంటుంది, గుడ్డ మీద నుంచి కూడా చేతికి తెలుస్తుంది. ఆవిడ బొత్తాం మాత్రం విప్పలేదు.

బయలుదేరేటప్పుడు చేతిలో ఏమీ పెట్టలేదు. ఆవకాయ జాడీ లేదు, అరటిగెల లేదు. ఆ జిల్లాలో ఒక అక్క తమ్ముణ్ణి మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా సాగనంపడం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. "వెళ్ళొస్తానక్కా" అంటే "వెళ్ళిరా నాయనా" అన్నారు.

ఊరు దాటాక రాజు గారు, "అక్కకేం తెలియలేదు కదయ్యా?" అని అడిగారు.

"ఏం తెలుస్తుందండీ. పాపం, పొయ్యి కూడా వెలిగించలేదు" అన్నాను.

ఆయన పెద్దగా నవ్వారు. నవ్వుతూనే కిటికీ వైపు తిరిగారు. కాసేపటికి అలాగే తల ఆనించి కళ్ళు మూసుకున్నారు.

ఆ వానాకాలంలోనే ఆయన పోయారు. రాజు గారి ఇంటికి పరామర్శకు వెళ్ళినప్పుడు సుభద్రమ్మ గారు వరండాలో ఒక మూల గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. నన్ను గుర్తుపట్టి దగ్గరకు పిలిచారు.

"అడిగితే నాదే ఇచ్చేదాన్ని బాబూ. అడగకూడదనే కదా వాడు అలా వచ్చాడు. అందుకే నేనూ ఊరుకున్నాను" అన్నారు. ఆ వెంటనే, "ఆ రోజు వాడు ఎక్కడైనా ఏమైనా తిన్నాడా?"

ఆకివీడులో రైతు పక్కన గట్టు మీద ఆయన కూర్చున్నట్టు ఊరికే కూర్చోవడం నాకు చేతకాలేదు. ఏదో ఒకటి చెప్పాలనిపించింది. "దారంతా నేనే తిన్నానండీ" అన్నాను.

"నీ సంగతి కాదు బాబూ. నా చేత్తో పెంచినవాణ్ణి నా గుమ్మంలోంచి ఖాళీ కడుపుతో పంపించాను. వాడికిష్టమని ఆవ ఎక్కువ పెట్టాను ఆ కూరలో. ఎవరికీ పెట్టలేదు, నేనూ తినలేదు. గేదె కుడితిలో పోశాను. దారిలో వాడు ఏమైనా అనుకున్నాడా? బాధపడ్డాడా?"

అప్పుడు నాకు అబద్ధం అవసరం పడలేదు. "లేదండీ. కారులో నిద్రపోయారు. ఏడాదిగా సరిగా నిద్రపట్టని మనిషి, రావులపాలెం దాకా కదలకుండా పడుకున్నారు. గురక కూడా పెట్టారు."

ఆవిడ తలెత్తారు. "గురకా? నిజంగా పెట్టాడా?"

"కారు ఇంజను వినపడనంతగానండీ."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. "వెధవ, చిన్నప్పట్నుంచీ అంతే" అన్నారు. "కడుపు నిండితే చాలు, గురకపెట్టేవాడు."

ఇప్పుడు మా ఇంటికి ఎవరైనా వస్తే నేను వడ్డన మొదలుపెట్టేముందు మనిషిని చూస్తాను. వద్దంటే వద్దని వింటాను. రెండోసారి బలవంతం చెయ్యను. మా ఆవిడ పుట్టింటివాళ్ళు నాకు పిసినారి అని పేరు పెట్టారు. గోదావరి జిల్లాలో మనిషికి అంతకంటే పెద్ద మచ్చ లేదు. సంజాయిషీ ఇచ్చుకోవచ్చు, కాని ఇచ్చుకోలేదు.