కుడివైపు కొట్టుకున్న గుండె

పత్తర్‌గట్టిలో ఒక బొమ్మ గుండెకు ప్రాణం పోసినవాణ్ణి నేను. అది చూడ్డానికి బజారంతా ఎగబడింది. దుకాణాలు మూసుకుని మరీ వచ్చారు. సరే, మూయలేదు. కింది దుకాణం సేటు ఒక్కడే చాయ్ గ్లాసుతో మెట్లెక్కి వచ్చి, "వాహ్" అని దిగిపోయాడు. ప్రాణం పోసింది కూడా నేను కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. సైన్సు మాస్టరుగా రిటైరై ఖాళీగా ఉంటే, పత్తర్‌గట్టిలో ఒక దుకాణం మీద బడులకు కంప్యూటరు పాఠాలు తయారుచేసే చిన్న ఆఫీసొకటి నన్ను పిలిచింది. పాఠాల్లో తప్పులు పట్టడం నా పని. పాఠాన్ని కూర్చేది ఒక అమ్మాయి. ఆమె దగ్గర టెంప్లేట్లుండేవి. అంటే కదలికలన్నీ ముందే కట్టిపెట్టిన ఖాళీ పాఠాలు. మన మాటలు అందులో పెడితే చాలు, శీర్షిక జారుకుంటూ వస్తుంది, బాణాలు పరిగెడతాయి.

"సార్, గిట్ల జూడుండ్రి," అని ఆమె మీట నొక్కింది.

తెర మీద మనిషి బొమ్మ ఛాతీ తెరుచుకుంది. లోపల గుండె ముడుచుకుంది, విచ్చుకుంది. ఎర్ర రక్తం ఒక దారిన, నీలం రక్తం ఇంకో దారిన. ఉద్యోగమంతా బోర్డు మీద సుద్దముక్కతో బాణం గీసి, "ఇది కదులుతోందనుకోండి" అని పిల్లలను బతిమాలినవాణ్ణి. నేను అనుకోమన్నదల్లా నా కళ్లముందు కదులుతోంది.

"సార్, చాయ్ చల్లారింది. మళ్ల తెప్పియ్యాల్నా?"

"ఇంకోపారి నొక్కు బిడ్డా."

"పొద్దటిసంది గదే అంటున్నరు. గుండెకు గూడ ఆయాసమొస్తది సార్!"

పురానాపూల్ వంతెన దగ్గరి ఉర్దూ మీడియం ఆడపిల్లల బడిలో సైన్సు టీచరమ్మ ఆ పాఠాన్ని ఉర్దూలో అడిగింది. విరిగిన బల్లలు పడేసే గదిని పోట్లాడి కంప్యూటరు గదిగా మార్పించుకున్న మనిషి ఆమె. "ఒక్క పాఠం చూస్తా. నచ్చకపోతే మళ్లీ బల్లలే" అని పెద్ద మేడం తేల్చి చెప్పింది.

ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కదా, శీర్షికలూ బాణాలూ అటునుంచే రావాలని మా ఆఫీసు అమ్మాయి టెంప్లేటు మొత్తాన్ని అద్దంలో చూసినట్టు తిప్పేసింది. ఉర్దూ అక్షరాలు కొత్తగా పేర్చింది. నేను సరిచూశాను. సరిచూడటమంటే మళ్లీ నోరు తెరిచి చూశాను. "మస్తుంది" అన్నాను.

నేనూ వెళ్లాను, బడిలో పాఠం మొదలైంది. గుండె కొట్టుకోగానే పిల్లల గుసగుసలు ఆగిపోయాయి. పెద్ద మేడం కూడా కళ్లజోడు సర్దుకుంది. ఎవరి గుండె మీద వాళ్లు చెయ్యి పెట్టుకోమంది టీచరమ్మ. ముందు బెంచీలో ఒక పిల్ల తెరను చూసి చెయ్యి అటు జరిపింది, ఇటు జరిపింది, లేచి, తెర మీది మనిషిలాగే క్లాసు వైపు తిరిగి నిలబడింది.

"మేడం, మేరా దిల్ ఇధర్ హై. ఉస్కా ఉధర్ కైకూ?"

నిజమే, తెర మీది మనిషికి గుండె కుడివైపు ఉంది! అక్షరాల కోసం టెంప్లేటు తిప్పితే, దాంతోపాటు మనిషీ తిరిగిపోయాడు. పెద్ద మేడం నావైపు చూసింది.

"ఏంది మాస్టర్ సాబ్, గిదేనా మీ కంప్యూటర్?"

టీచరమ్మే అడ్డం వచ్చింది. "ఆగుండ్రి మేడం. తప్పు ఎవరిదో పిల్లలనే చెప్పనియ్యుండ్రి." కళ్లు మూసుకుని తమ గుండె ఎటు కొట్టుకుంటోందో వినమని పిల్లలకు ఉర్దూలో చెప్పింది.

వంతెన మీది ఆటోల హారన్లు గదిలోకి వినిపించేంత నిశ్శబ్దం. అంతమంది ఆడపిల్లలు కళ్లు మూసుకుని, ఎవరిని వాళ్లు వింటున్నారు. నా క్లాసులో బెత్తంతోనూ అంత నిశ్శబ్దం నేనెన్నడూ తేలేదు.

"కంప్యూటర్ గలత్!" అని అందరూ ఒక్కసారే అరిచారు.

పెద్ద మేడం చెయ్యి ఎప్పుడు వెళ్లిందో ఆమె ఛాతీ మీద, ఎడమవైపు ఉంది. తియ్యకుండానే అంది, "బొమ్మ సరిచేసి తీస్కరండి. బల్లలు బయటనే ఉండనీ."

ఆఫీసుకు తిరిగొచ్చి జరిగింది చెప్పి, పిల్లలను పరీక్షించడానికి ఆ తప్పు కావాలనే వదిలేశానని మా ఆఫీసు అమ్మాయి దగ్గర కోతలు కోశాను.

"అవునా సార్?" అందామె. "మరి గుండె మీదికెల్లి చెయ్యి తీస్తలేరేంది?"