నాదాబు పేరు పక్కన ఉన్న మాట

హామిల్టన్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత గుడి లేదు. ఆదివారం మధ్యాహ్నాలు ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని కూడుకునేవాళ్ళం. 2016లో బైబిల్లోని యాజకుల వంశావళులు చదువుతున్నాం, తలా ఒక వచనం. నా వంతు వస్తే ఆ పేర్లు గబగబా మింగేసేదాన్ని. విజయక్క మాత్రం ఒక్కో పేరు మీద వేలు పెట్టి నిదానంగా చదివేది.

“పేర్లే కదమ్మా, దాటేయండి,” అన్నారు పాస్టర్ శ్రీపతి గారు.

“దేవుడు రాయించుకున్నవి మనం దాటేస్తే ఎట్లా అయ్యగారూ?” అంది.

విజయక్క వృద్ధుల హోమ్‌లో పని చేసేది. భర్త మధుసూదన్‌ది మీట్ వర్క్స్‌లో కత్తి పని. పగలంతా గొర్రెల్ని కోసి, ఇంటికొచ్చి ఆమెను కొట్టేవాడు. క్రికెట్లో మనవాళ్ళు ఓడితే కొట్టేవాడు, గెలిస్తే తాగి కొట్టేవాడు. ఆదివారం అవే చేతులెత్తి కన్నీళ్ళతో ప్రార్థన! అందరికీ తెలుసు. మా నోళ్ళు పడిపోను, ఒక్కరమూ అడగలేదు.

అలాంటివాణ్ణి ఆ ఏడు సంఘ పెద్దగా ప్రతిపాదించారు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె పంచేది పెద్దలే. మా ఆనవాయితీ ప్రకారం మూడు ఆదివారాలు పేరు చదివి, అభ్యంతరాలున్నాయా అని అడుగుతారు. ఎవరూ లేవకపోతే పేరు రిజిస్టరుకెక్కుతుంది.

రెండో ఆదివారం ఇంటికెళ్ళాక విజయక్క అతన్ని బతిమాలింది, “మీరు చేసేది మీ అంతట మీరే ఒప్పుకోండి, నేను నోరెత్తను,” అని. అతను ఆమె తలను ఫ్రిజ్ తలుపుకేసి బాదాడు. ఫోన్లో ఆమె అది చెప్తే, “సర్దుకో అక్కా,” అన్నాను. ఛీ, నా బతుకు!

మూడో ఆదివారం పాస్టర్ గారు అడగ్గానే మధుసూదనే ముందు లేచాడు. “నాకు కోపమెక్కువే, ఒప్పుకుంటా. లేవి మాత్రం? షెకెములో మగవాళ్ళందర్నీ నరికాడు. అయినా యాజకత్వం ఆయన వంశానికే ఇచ్చాడు దేవుడు.”

కొందరు ఆమెన్ కూడా అన్నారు.

విజయక్క లేచి, మొహానికి పూసిన పౌడరు కొంగుతో తుడిచేసింది. కన్ను నల్లగా వాచి మూసుకుపోయి ఉంది.

“ఆ వంశంలో మొదటి యాజకుడు అహరోనుకు నలుగురు కొడుకులు. అందులో నాదాబు, అబీహు దేవుడి సన్నిధికి తప్పుడు నిప్పు తెచ్చి కాలిపోయారు. అయినా లిస్టులో ఉన్నారు. పక్కనే, వాళ్ళు చచ్చారనీ, మిగతా ఇద్దరే సేవ చేశారనీ ఉంది. దేవుడు పేరూ కొట్టెయ్యలేదు, జరిగిందీ దాచలేదు. ఈయన పేరు రాయండి అయ్యగారూ. పక్కన నా మొహం సంగతి కూడా రాయండి.”

“నా పరువు తీస్తావటే!” మధుసూదన్ కుర్చీ ఎత్తి ఆమె మీదికి విసిరాడు. పడిపోయినదాన్ని జుట్టు పట్టి ఈడ్చి, బూటు కాలితో డొక్కలో తన్నాడు. మళ్ళీ తన్నాడు. నలుగురు మగవాళ్ళు మీదపడి అణిచేసరికి ఆమె నోటినిండా నెత్తురు. పోలీసులకు నేనే ఫోన్ చేశాను.

వాణ్ణి తీసుకెళ్ళారు. అంబులెన్సు వచ్చినా విజయక్క కదల్లేదు. డొక్క పట్టుకుని నేల మీదే కూర్చుని రిజిస్టరు వైపు చూస్తోంది.

పాస్టర్ గారు పెన్నుకు మూత పెట్టబోయారు. “ఏదో ఆవేశంలో, ఈ ఒక్కసారి... ఇంతకుముందు కళ్ళారా చూసినవాళ్ళెవరూ లేరు కదా?”

నేను లేచాను.

“పోయిన ఏడు వాడు అక్క చెయ్యి విరిస్తే హాస్పిటల్‌కు తీసుకెళ్ళింది నేను. బాత్రూంలో జారిపడిందని డాక్టరుకు చెప్పిందీ నేనే. నా పేరు ప్రణీత. రాయండి.”