తడవని చెయ్యి

డ్రైవింగ్ మాస్టారి కుడికాలు గురించి ఆ పేటలో చెప్పుకోనివాళ్ళు లేరు. స్టీరింగ్ పట్టుకోవడం కూడా సరిగా రానివాళ్ళ పక్కన కూర్చుని, తన వైపున్న అదనపు బ్రేకు మీద కాలు ఆనించీ ఆనించనట్టు పెట్టి, కిటికీలోంచి ఎటో చూస్తున్నట్టే ఉంటాడు. ఇంతలో పిల్లి అడ్డొస్తుంది, లేదంటే సైకిలువాడెవడో చెప్పాపెట్టకుండా మలుపు తిరుగుతాడు. నేర్చుకుంటున్నవాళ్ళు కెవ్వుమంటారు. ఆ కేక పూర్తయ్యేలోపే కారు ఆగి ఉంటుంది.

"చూడకుండానే ఎలా తొక్కారు మాస్టారూ?" అని అడిగితే, "నేనెక్కడ తొక్కానమ్మా, నా కాలు తొక్కింది. దానికి నాకంటే ముందే తెలుస్తుంది," అని మీసాల్లో నవ్వుకునేవాడు. ఆ మాట చెప్పుకోవడం ఆయనకి మహా ఇష్టం. ఇన్నేళ్ళలో కారుకి ఒక్క గీత పడలేదంటే ఆ కాలి పుణ్యమే.

ఆదివారాలు క్లాసులుండవు. మాస్టారు గేలం భుజాన వేసుకుని, కూతుర్ని ముందు సీట్లో కాకుండా వెనకే కూర్చోబెట్టి, బెల్టు రెండుసార్లు లాగి చూసి, ఊరి బయట రిజర్వాయరుకి బయల్దేరేవాడు. కూతురంటే ఒకటో తరగతిలో చేరిన పిల్ల. బొద్దుగా గుండ్రంగా ఉంటుందని పుట్టినప్పుడు ఆయనే బుడంకాయ అన్నాడు, అదే స్థిరపడిపోయింది. వారమంతా ఆయన ఇంటికొచ్చేసరికి బుడంకాయ నిద్రపోతూ ఉండేది. తండ్రీకూతుళ్ళకి మిగిలినదల్లా ఆదివారం, ఆ నీటి ఒడ్డు.

మందుల షాపులో బిల్లులు కొట్టే భార్యకి నీళ్ళంటే భయం. ఆదివారం ఉదయాలు ఆమెకి డ్యూటీ పడేది, పిల్లని ఎక్కడో ఒకచోట వదలక తప్పదు. అయినా మొదటిసారి గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడింది.

"నీళ్ళ దగ్గర దాన్ని ఒక్క క్షణం వదిలినా ఊరుకోను, ఏమనుకున్నారో."

"వదలడమేంటి, నా రెండు చేతులూ దానికే."

"మరి ఆ గేలం ఎవరు పట్టుకుంటారు?"

"నేలలో గుచ్చేస్తాను. చేపకి నేను పట్టుకున్నానా, నేల పట్టుకుందా తెలుస్తుందా ఏం?"

ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వు మీద, రెండు చేతులన్న ఆ మాట మీద పిల్లని పంపింది.

కిందటేడు ఆ ఒడ్డునే కారు కీ నీళ్ళపాలైంది. చేపని గేలం నుంచి తప్పిద్దామని వంగాడు, చొక్కా జేబులోంచి అది బుడుంగున జారింది. చేతులు పెట్టి వెతికి తీశాడు. తుడిచి నొక్కితే దాని మీది చిన్న దీపం వెలిగింది. హమ్మయ్య అనుకుని ఇంటికొచ్చి బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టాడు. మర్నాడూ వెలిగింది. బియ్యం తేమని పీల్చింది గానీ నీళ్ళలో ఉన్న లవణాలు సర్క్యూట్ మీదే ఉండిపోయాయి. ముందు బ్యాటరీ ఊడదీయాలని ఎవరూ చెప్పలేదు. లోపల్లోపల పచ్చటి తుప్పు పాకింది. నాలుగు రోజులు తిరక్కుండానే కీ చచ్చింది, కారు వీధిలో రాయిలా నిలబడింది. కొత్త కీ తెప్పించి దాన్ని కారుకి పరిచయం చేయించేసరికి, నేర్చుకునేవాళ్ళు సగంమంది పక్క వీధి స్కూలుకి వెళ్ళిపోయారు.

డ్రైవింగ్ స్కూల్లో సగం వాటా భార్య తమ్ముడిది. ఆ బావమరిది తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఏ భోజనాల దగ్గర కలిసినా, నలుగురూ ఉన్నప్పుడు చూసి, "బావా, ఆ చేప రుచిగా ఉందా? స్కూలంతా పెట్టి కొన్నావుగా!" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. మాస్టారూ నవ్వేవాడు. నవ్వుతూ నవ్వుతూ కంచంలోకి చూసేవాడు.

ఈ రకం కారు కీతో ఇంకో చిక్కుంది. దాన్ని తాళంలో పెట్టి తిప్పేది లేదు. దగ్గరుంటే చాలు, కారు దానంతటదే తాళం తీసుకుంటుంది, బటన్ నొక్కితే ఇంజను మొదలవుతుంది. టైరు మీదో బానెట్ కిందో దాచి వెళ్తే, దొంగకి తలుపు తీసిపెట్టి వెళ్ళినట్టే. కాబట్టి ఒంటి మీదే ఉండాలి. ఒంటి మీదుంటే నీళ్ళ భయం.

మాస్టారు పట్టుపట్టాడు. కీ కొలతకి సరిపోయే ప్లాస్టిక్ ముక్క ఒకటి సంపాదించి, దాని చుట్టూ టిష్యూ కాగితం చుట్టి, వంటింట్లో బకెట్ నిండా నీళ్ళు పట్టి కూర్చున్నాడు. జిప్పు కవరు ఒక్కటే పెడితే మూలల్లోంచి చెమ్మ దిగింది. పుట్టినరోజు బుడగలో దూర్చి మూతి ముడివేస్తే నీళ్ళు ఆగాయి గానీ, విప్పేటప్పుడు బుడగ చిరిగింది. ఆఖరికి బుడగ, దాని మీద జిప్పు కవరు, ఆ పైన మూతిని మూడు మడతలు మడిచి బిగించే రబ్బరు సంచి. సంచికి తాడు, తాడు మెడలో. చెప్పుల డబ్బాల్లో వచ్చే చెమ్మ పీల్చే పొట్లం కూడా ఒకటి లోపల పడేశాడు.

పరీక్ష చేసే అధికారి మాత్రం బుడంకాయే. బకెట్లోంచి తీసి విప్పగానే టిష్యూని బుగ్గకి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, డాక్టరులా కాసేపు ఆగి, "పొడిగానే ఉంది నాన్నా!" అని తీర్పు చెప్పేది. రాత్రంతా నానబెట్టినా పొడే. బకెట్ అడుగున రాయి పెట్టి అదిమినా పొడే.

"బంగారం దాచుకున్నా ఇంత జాగ్రత్త పడరు," అంది భార్య.

"బంగారం పోతే మీ తమ్ముడు నవ్వడుగా," అన్నాడు మాస్టారు.

అంత నమ్మకమైన సంచిని ఆయన ఒక్క క్షణం నమ్మలేదు. ఒడ్డున కూర్చున్నంతసేపూ చెయ్యి దాని మీదకే పోయేది. తడిమేవాడు, మడత ఊడిందేమో చూసేవాడు, పిడికిట్లో నొక్కి గాలి బయటికొస్తుందేమో వినేవాడు. పక్కన గేలం వేసే టైర్ల షాపాయన ఇదంతా చూసి ఆనందించేవాడు. ఆయన నోరు మూతపడదు కనక అందరూ రేడియో అంటారు. "మాస్టారూ, దానికి జ్వరమేమైనా ఉందా, అస్తమానం పట్టుకు చూస్తారు?" అనేవాడు.

ఆ ఆదివారం కూడా పొద్దు బాగా ఎక్కాక మాస్టారు కుడిచేత్తో సంచిని నొక్కి చూస్తున్నాడు. నీళ్ళ మీద బెండు ఒక్కసారి మునిగింది. "నాన్నా, చేప!" అని బుడంకాయ లేచి పరిగెత్తింది. అంచున రాయికి నాచు పట్టి ఉంది. కాలు జారడం కనిపించింది, తర్వాత పిల్ల కనిపించలేదు.

మాస్టారు దూకాడు. అందులో ఆలస్యం లేదు, అది ఎవరైనా ఒప్పుకుంటారు. నీళ్ళు ఆయనకి నడుము దాకా, పిల్లకి తల మీదుగా. అందిన గౌను పట్టుకుని లాగాడు. తడిగుడ్డ వేళ్ళలోంచి జారిపోయింది, పిల్ల రెండోసారి మునిగింది. మళ్ళీ దేవులాడితే రెట్ట దొరికింది. గోళ్ళు దిగేలా పట్టుకుని పైకి లేపి, ఛాతీకి అదుముకున్నాడు. పిల్ల దగ్గింది, నీళ్ళు కక్కింది, గుక్కపట్టి ఏడ్చింది. ఏడుపు వినగానే ఆయన ప్రాణం లేచొచ్చింది.

రేడియో ఒడ్డు నుంచి చెయ్యందిస్తూ, "మాస్టారూ, ఇంక ఆ చెయ్యి దించండి. అయిపోయింది," అన్నాడు.

అప్పుడు చూసుకున్నాడు. కుడిచెయ్యి తల మీదుగా, ఎంత ఎత్తుకి పోతుందో అంత ఎత్తుకి లేచి ఉంది. మెడలోంచి లాగేసిన తాడుతో సహా, పిడికిట్లో సంచి. దాని మీద ఒక్క చుక్క లేదు.

ఇంటికొచ్చి, "కాస్త జారింది, వెంటనే తీశాను, ఏం కాలేదు," అన్నాడు. భార్య పిల్లని తుడిచి, బట్టలు మార్చి, గుండెలకి కరుచుకుని కూర్చుంది. పిల్ల నిద్రపోయాక తడిబట్టలు పిండటానికి వెళ్ళింది. మాస్టారి చొక్కా ఎడమచెయ్యి పిండితే ధారగా కారింది. కుడిచెయ్యి చేతికి గరగరలాడింది. వెనక్కి తిప్పి చూసింది, మళ్ళీ ముందుకి తిప్పింది.

"ఏవండీ, ఈ చెయ్యి తడవలేదేం?"

"ఒడ్డు పట్టుకున్నానే. లేకపోతే ఇద్దరం పోయేవాళ్ళం."

ఆమె తల ఊపి చొక్కా ఆరేసింది. నమ్మింది. ఆ నమ్మకం చూశాక కూడా ఆయన నోట్లోంచి నిజం బయటికి రాలేదు.

వచ్చింది మర్నాడు, రేడియో నోట్లోంచి. టైరు మార్పించుకోవడానికి వెళ్ళిన బావమరిదికి వాడు యాక్షన్‌తో సహా చూపించాడట. సాయంత్రం బావమరిది నవ్వుతూ లోపలికి వచ్చి, భోజనానికి కూర్చుంటూనే, బళ్ళో పిల్లలు మాస్టారిని అడిగేటప్పుడు ఎత్తినట్టు కుడిచెయ్యి నిటారుగా ఎత్తాడు.

"బావా, మే ఐ కమిన్? ఏమాటకామాటే, కీ మాత్రం కాపాడావు. నా వాటా కూడా అందులోనే ఉంది కదా, థాంక్స్!"

భార్య వడ్డిస్తున్న గరిటె ఆగింది. "ఏ చెయ్యి?" అంది.

బావమరిది చెయ్యి మెల్లగా దించుకున్నాడు. ఆమె మొగుడి వంక చూసింది. "ఒడ్డు పట్టుకున్నానన్నారు."

"అది... దానంతటదే లేచింది. నేను ఎత్తలేదు. ఒట్టు."

"ఒకసారి జారిపోయిందట, చెప్పింది నాకు. నాన్న పట్టుకున్నాడు, జారాను, మళ్ళీ పట్టుకున్నాడు అని. పిల్ల కదా, ఏదో చెబుతోంది అనుకున్నాను." ఆమె గొంతు పెరగలేదు. "ఆ సంచీలోకి నీళ్ళు పోవని మీరే కదా చెప్పారు?"

"పోవు."

"రాత్రంతా నానబెట్టినా పోవన్నారు."

"పోవు."

"మరి ఎందుకెత్తారు?"

బావమరిది, "పోనీలే అక్కా, ఏం కాలేదుగా," అని సర్దబోయాడు.

"నువ్వు నవ్వకురా. ఆ చెయ్యి ఎత్తించినదాంట్లో సగం వాటా నీది," అంది. ఆ మాట మాస్టారికి ఊరటగా వినిపించాలి. వినిపించలేదు. మిగతా సగం ఎవరిదో అందరికీ తెలుసు.

పొద్దున్నే లేచి ఆయన బకెట్లో నీళ్ళు పట్టాడు. ఈసారి ప్లాస్టిక్ ముక్క కాదు, అసలు కీనే కట్టి పడేశాడు. పళ్ళు తోముకుని, షేవింగ్ చేసుకుని, కాఫీ తాగి వచ్చి విప్పాడు. లోపల కాగితం పొడిగా, నిన్న దుకాణంలో కొన్నట్టు ఉంది. కీ నొక్కితే వీధిలో కారు కిచ్‌మంది. ఇన్నాళ్ళ శ్రమ ఫలించింది. బకెట్ తన్నాలనిపించింది.

క్లాసులో కూర్చున్నా అదే ఆలోచన. చెయ్యి దానంతటదే లేచిందన్నది అబద్ధం కాదు. కానీ కాలు దానంతటదే తొక్కినప్పుడు ఇన్నేళ్ళూ ఆ పేరు ఎవరు తీసుకున్నారు? కాలు తనదైతే చెయ్యీ తనదే. ఆ మధ్యాహ్నం ఒక కొత్తమ్మాయి, "చూడకుండా ఎలా తొక్కారు సార్?" అని అబ్బురపడితే, "రోడ్డు చూడమ్మా," అన్నాడు, కటువుగా. తర్వాత ఎప్పుడూ ఆ కాలి మాట ఎత్తలేదు.

ఒకసారి ఒంటరిగా రిజర్వాయరుకి వెళ్ళి, అదే రాయి దగ్గర, బెండుని నీళ్ళలోకి విసిరి దాని మీదకి దూకి చూశాడు కూడా. రెండు చేతులూ వెళ్ళాయి. ముందే అనుకుని దూకితే ఎవరికైనా వెళ్తాయి. తడిసి ముద్దయి ఒడ్డున కూర్చుని, గేలం మడిచి, రేడియోకి ఇచ్చేశాడు. "ఇదేంటి మాస్టారూ, నా మీద కోపమా?" అన్నాడు వాడు, బిక్కమొహంతో. "నువ్వు ఉన్నదే చెప్పావు," అన్నాడు మాస్టారు.

భార్య మళ్ళీ ఆ సంగతి తీయలేదు. ఆదివారం డ్యూటీ మార్పించుకుంది, అంతే.

బుడంకాయకి ఇవేవీ పట్టలేదు. ఎప్పటిలాగే ఆడింది, అలిగింది, నాన్న మెడకి వేలాడింది. పిల్లలు ఇట్టే మరిచిపోతారు అనుకుని మాస్టారు కాస్త తేలికపడ్డాడు.

ఒకరోజు ముగ్గురూ బడి నుంచి వస్తున్నారు. కారు రోడ్డుకి అవతల ఉంది. వచ్చేపోయే బళ్ళు ఆగడం లేదు. భార్య చేతిలో పిల్ల పుస్తకాల సంచి, ఇంకేవో సామాన్లు. మాస్టారు కుడిపక్కన నిలబడిన కూతురికి కుడిచెయ్యి చాపాడు. అందులో కీ ఉందని గుర్తొచ్చి గబుక్కున జేబులో వేసుకుని, ఖాళీ చెయ్యి మళ్ళీ చాపాడు.

బుడంకాయ ఆ చేతిని చూసింది. పట్టుకోలేదు. ఆయన వెనకనుంచి చుట్టూ తిరిగి వచ్చి, ఎడమచేతి చూపుడువేలినీ మధ్యవేలినీ గట్టిగా పట్టుకుంది.

"ఈ చేత్తో పట్టుకోవచ్చు కదమ్మా?" అన్నాడు మాస్టారు. గొంతు మామూలుగానే ఉండేలా చూసుకున్నాడు.

"అది కీ చెయ్యి కదా నాన్నా," అంది బుడంకాయ. అందులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఎర్ర లైటు పడితే ఆగాలి అని చెప్పినట్టు చెప్పింది. ఆ పాఠం కూడా ఆయన నేర్పిందే.

భార్య విన్నది. రోడ్డు వైపే చూస్తూ, "ఇప్పుడు ఖాళీగా ఉంది, పదండి," అంది.

దాటారు. దగ్గరకి రాగానే, జేబులో కీని పోల్చుకుని కారు దానంతటదే తాళం తీసుకుంది.