ఒరిగిన తలకట్టు

కళ్లజోళ్ల దుకాణం నడిపే అల్లుడికి ఒక పిచ్చి ఉంది. కంటికి ఆనని వస్తువును గోడంత బొమ్మగా తీయాలి. అందుకోసం కెమెరాకూ లెన్సుకూ మధ్య బెలోస్ బిగిస్తాడు. అదొక నల్లటి మడతల తిత్తి. ఎంత సాగదీస్తే బొమ్మ అంత పెద్దదవుతుంది, అంత మసకబారుతుంది కూడా. అతను దాన్ని ముందుకూ వెనక్కూ లాగుతుంటే భార్య వంటింట్లోంచి, "హార్మోనియం బాగానే వాయిస్తున్నారు. పాట ఎప్పుడు మొదలుపెడతారు?" అంటుంది.

కొత్త లెన్సులంటే అతనికి చిన్నచూపు. మూతపడిన స్టూడియోల్లోంచి పాతవి ఏరుకొచ్చి బీరువాలో సర్దాడు. భార్య బట్టలే సర్దుకుని చోటిచ్చాయి.

ఒక సెలవురోజు మావగారు, అత్తగారు వచ్చారు. మావగారు బతుకంతా గడియారాల మూతల మీద పేర్లు చెక్కిన మనిషి. ఇప్పుడు చూపు మందగించింది. పెళ్లైన కొత్తలో అత్తగారికిచ్చిన గడియారాన్ని బల్లమీద పెట్టారు. మూత లోపల ఆవిడ పేరు, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

"నా చేతిలో వంకర అనేది పుట్టలేదు అల్లుడూ. పెద్దది చేసి చూపించు, కళ్లారా చూసుకుంటాను."

అల్లుడు ముందు కెమెరాతో వచ్చిన పొట్టి లెన్సు బిగించాడు. అది మూతను ముద్దుపెట్టుకునేంత దగ్గరికెళ్లి, తన నీడ తనే వేసుకుంది. తర్వాత సినిమా ప్రొజెక్టరు లెన్సు. లోపల వెలుతురు తగ్గించే రెక్కలు లేవు దానికి. నడిమి అక్షరం తప్ప మిగతావన్నీ పొగలో కలిశాయి. చివరికి ఎన్‌లార్జర్ లెన్సు తీశాడు. చదునైన ఫిల్మును చదునైన కాగితం మీదికి పెద్దది చేయడమే దాని పని కనుక, చదునైన మూత దానికి పుట్టిల్లే. దూరంగా నిలబడే లెన్సు కావడంతో దీపం దూరడానికి చోటూ దొరికింది. రెక్కలు కాస్త మూసేసరికి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పేరు నిగనిగలాడింది.

మొదటి అక్షరం తలకట్టు మాత్రం జారిన టోపీలా పక్కకు ఒరిగి ఉంది.

అది మావగారి కంట పడకూడదనుకున్నాడు అల్లుడు. గబగబా లెన్సు ఊడదీసి మళ్లీ ప్రొజెక్టరుది పెట్టాడు.

"అదే బావుంది కదండీ, ఎందుకు తీసేశారు?" అంది భార్య. అతను కళ్లతో సైగ చేశాడు. ఆవిడకు అర్థం కాలేదు.

మావగారు కెమెరా తెర దగ్గరికి వంగారు. "ఇదేంటి, పాలల్లో ముంచి తీసినట్టుంది. ఇందాకటిదే పెట్టవయ్యా. నేను చూశాలే."

మళ్లీ పెట్టాడు. ఆయన చాలాసేపు చూసి, అత్తగారి వైపు తిరిగారు.

"సరిగ్గా ఇక్కడికి వచ్చేసరికి నువ్వు అన్నానికి పిలిచుంటావు."

"నేనెప్పుడో చూశాను, కుట్టుపని భూతద్దంతో" అందావిడ నింపాదిగా. "మీరు గొప్పలు చెప్పుకుంటుంటే వినడానికి బావుండేది. అందుకే ఊరుకున్నాను."

మావగారికి నవ్వాగలేదు. అల్లుడు ఆ నవ్వు సద్దుమణిగే దాకా ఆగి, బల్ల కదలకుండా ఫొటో తీశాడు.

ఆ ఫొటో ఇప్పుడు అత్తమామల ముందుగదిలో ఉంది. వచ్చినవాళ్లు అడిగితే మావగారు, "అందం కోసం నేనే అలా ఒరగబెట్టాను" అంటారు. అత్తగారు ఔననరు, కాదనరు.