పాప నా చేతిలో పాలు తాగిన రోజులు

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలంలో మాకు పాప పుట్టింది. అప్పుడు మేం సూరత్‌లో, కోసాడ్ క్వార్టర్సులో మూడో అంతస్తులో ఉండేవాళ్లం. నేను సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాణ్ని. పాపకు గ్రహణం మొర్రి. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. లోపల అంగిలి కూడా కలవలేదు. రొమ్ము పట్టి చీకడం దానికి చేతకాలేదు.

ఆస్పత్రిలో నర్సు మెత్తటి సీసా ఒకటి ఇచ్చి, రొమ్ము పాలు పిండి దాంతో ఎలా పట్టాలో నా భార్యకు నేర్పింది. నేను పక్కనే ఉన్నాను గానీ మనసు పెట్టి చూడలేదు. అది ఆడవాళ్ల పని అనుకున్నాను.

తొమ్మిదో రోజు నా భార్యకు జ్వరం వచ్చింది. మర్నాటికి ఆయాసం. అంబులెన్సు ఎక్కేటప్పుడు మాస్కు కిందికి లాగి, "పండవెట్టి తాగియ్యకు. కూసోవెట్టి పట్టు. జర పైలం" అంది. అంతలో తలుపు వేసేశారు.

ఊళ్లో ఉన్న అమ్మకు ఫోన్ చేశాను. "గ్రహణం నాడు కోడలు కత్తి ముట్టిందేమో కొడుకా" అంది.

"గిప్పుడు గా ముచ్చటెందుకమ్మా? పాలెట్ల పట్టాల్నో చెప్పు."

అమ్మ ఐదుగురిని పెంచింది గానీ, ఇలాంటి బిడ్డకు పాలు పట్టడం ఆమెకూ తెలియదు.

డబ్బా పాలు కలిపి పట్టాను. తాగినవి తాగినట్టే ముక్కులోంచి వచ్చేవి. కొంచెం తాగి అలసిపోయి నిద్రపోయేది. ఆకలికి మళ్లీ లేచేది. మూడో రోజు మధ్యాహ్నం విసుగుతో సీసా గట్టిగా నొక్కాను. పాపకు పొలమారింది. ఏడుపు ఆగిపోయింది. మూతి నీలంగా మారింది. ముంజేతి మీద బోర్లా వేసుకుని వీపు తట్టాను. ఎన్నిసార్లు తట్టానో తెలియదు. పాలు కక్కి ఏడ్చింది. దాన్ని ఎదకు హత్తుకుని అక్కడే నేల మీద కూర్చున్నాను.

ఆ తర్వాత సీసా ముట్టాలంటే భయం వేసింది. సాయంత్రానికి పాప ఏడుపు సన్నబడింది. ఎదురింటి ఆమె గడప దగ్గరే నిలబడి, లోపలికి రాలేక, పాప పుట్టిన ఆస్పత్రికి ఫోన్ చేయమని చెప్పింది. చేస్తే ఆ నర్సే వీడియోలోకి వచ్చింది. ఒంటినిండా పీపీఈ కిట్టు, కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. నేను జరిగింది చెప్పాను. ఆమె తిట్టలేదు. "ఇప్పుడే, నేను చూస్తుండగా పట్టు" అంది హిందీలో. పాపను నిటారుగా కూర్చోబెట్టమంది. సీసా పీకను అంగిలి ఉన్న పక్కకు, బుగ్గ వైపు పెట్టమంది. "అది మింగినప్పుడే నొక్కు. ఆగితే నువ్వూ ఆగు" అంది. ఆమె చెప్పినట్టే చేశాను. పాప తాగింది.

అలా ఒక్కోసారి గంట పట్టేది. నడుమ నడుమ భుజాన వేసుకుని తేన్పు రప్పించేవాణ్ని. పాప గొంతు కదలడం తప్ప నాకు వేరే లోకం లేదు.

ఆస్పత్రికి వెళ్లిన పదమూడో రోజు నా భార్య సగమై తిరిగొచ్చింది. ఆస్పత్రిలోనే ఆమె పాలు ఎండిపోయాయి. స్నానం చేసి వచ్చి ఆశగా సీసా అందుకుంది. పాప మొహం తిప్పుకుని ఏడ్చింది. పాలన్నీ మెడ మీదికి కారాయి. "ఇటియ్యి" అన్నాను, ఆలోచించకుండా. నా చేతికి రాగానే పాప తాగింది. ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది.

పాలయ్యాక వెళ్లి చూస్తే గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది.

"నేను లేకున్నా అది బతుకుతది" అంది.

"గట్లనకు."

"ఉన్న మాటే అన్న."

తర్వాతి పూట పాపను ఆమె ఒళ్లోనే పెట్టి, ఆమె చేతి మీద నా చెయ్యి వేసి సీసా నొక్కాను. నాలుగు రోజులు అలాగే పట్టాం. ఐదో రోజు నా చెయ్యి తీసినా పాప ఆపలేదు. నా భార్య నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

పాప కాస్త ఒళ్లు చేశాక పెదవికి కుట్లు పడ్డాయి, ఏడాది దాటాక అంగిలికి. ఇప్పుడు పాప మాట్లాడుతుంది, కొన్ని మాటలు ముక్కుతో వస్తాయి. జ్వరమో మరొకటో వస్తే మాత్రం నేరుగా నా దగ్గరికే వచ్చి పడుకుంటుంది. అప్పుడు నేను నా భార్య వైపు చూడను.