బొడ్డు కోసిన గడియ

మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డ గడియనూ రాసిపెట్టే పని నాది. బొడ్డు కోసిన క్షణమే జన్మసమయమని మా అత్తగారు నేర్పారు, నేనెన్నడూ ప్రశ్నించలేదు. హోసూరు ఆసుపత్రిలో నా కూతురి కాన్పుకు తోడుగా లోపలికి వెళ్లినప్పుడు కూడా కలం, కాగితం, చేతి గడియారం తీసుకుపోయాను.

నా కూతురు డాక్టరమ్మతో ముందే మాట్లాడుకుంది. పుట్టగానే బొడ్డుపేగు కోయకూడదు. అందులో మిగిలిన రక్తం బిడ్డకు చేరేదాకా ఆగాలి. "నొప్పుల్లో నేను మాట్లాడలేనేమో, నువ్వే చూసుకోమ్మా" అని నా చెయ్యి పట్టుకుంది.

ఆ రోజు శుక్రవారం. మనవరాలు పుట్టి కేరుమనేసరికి రాహుకాలం ముంచుకొస్తోంది.

"కోసేయమ్మా, రాహుకాలం వచ్చేస్తా ఉంది" అన్నాను నర్సుతో.

"పేగు ఇంకా కొట్టుకుంటా ఉందమ్మా. రవంత తాళండి."

"తాళితే దీని జాతకం ఎవరు మోస్తారు? నువ్వా?"

డాక్టరమ్మ పక్క మంచం దగ్గర ఉంది. నా గొంతుకు జడిసి నర్సు క్లిప్పు బిగించి కోసేసింది. నేను సమయం రాసుకున్నాను.

"ఆగినారా అమ్మా?" అని కూతురు నీరసంగా అడిగింది. "అంతా మంచి గడియలోనే అయింది" అన్నాను.

పురుడు వెళ్లాక, మా ఇంటి జాతకాలన్నీ రాసే ఉద్దనపల్లి జోస్యుని దగ్గరకు పోయాను. "బొడ్డు కోసింది ఎవరడిగినారమ్మా? బిడ్డ ఏడ్చిన గడియ చెప్పండి. మాకు అదే లెక్క" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ నేనిచ్చిన కాగితాలు చదవనే లేదా అని నిలదీశాను. తిరుగు బస్సెక్కాక ఆ కోపం నిలవలేదు. ఏడుపే లెక్కయితే, నేను నోరు తెరవకముందే బిడ్డ మంచి గడియలో పుట్టేసింది.

తర్వాత కొన్ని నెలలకు బిడ్డకు రక్తం తక్కువగా ఉందన్నారు. పేగు తొందరగా కోసినందుకేనా అని డాక్టరమ్మను అడిగాను. కారణాలు చాలా ఉంటాయి, అదేనని చెప్పలేమంది. కాదని మాత్రం అనలేదు.

ఆ సాయంత్రమే కూతురికి జరిగింది జరిగినట్టు చెప్పాను.

"ఆగినారనే అనుకున్నాను" అంది. లేచి వెళ్లి, బిడ్డకు రక్తం పట్టడానికి ఇచ్చిన మందు సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. "రోజూ పొద్దున నువ్వే వెయ్యాల. దీనికి మాత్రం రాహుకాలం చూడొద్దమ్మా."

వేస్తున్నాను. బిడ్డ సగం ఉమ్మేస్తుంది. లోపలికి ఎంత పోయిందో రాసుకోవడానికి నాకు కొలత దొరకడం లేదు.